పదహారు చిటికెల ప్రారంభోత్సవం

ఒక పెద్ద అడవిలో, పనులకన్నా ప్రారంభోత్సవాలే ఎక్కువ జరిగే అడవిలో, మండలి కార్యాలయానికి అందంగా చేపల తొట్టి పెట్టాలని తీర్మానించారు. షికారుకొచ్చిన మనుషులు వదిలేసిపోయిన గాజు తొట్టి ఉంది. వాళ్లే వదిలేసిన సీసాలో నీలం ఫైటర్ చేపా ఉంది. నీళ్ల సంగతి తెలిసినవాడని తాబేలు కూర్మయ్యకు బాధ్యత అప్పగించారు.

కూర్మయ్య ఇసుక పరిచి, నాచు మొక్కలు నాటి, చేప దాక్కోవడానికి ఒక కుండపెంకు పెట్టాడు. నీళ్లు నింపి, "నెల రోజులు ఆగి చేపను వదలాలండి" అన్నాడు.

"ఎందుకయ్యా?" అన్నాడు కార్యదర్శి నక్క జంబుకరావు.

"కొత్త నీళ్లండి. మురికిని అరాయించుకునే సూక్ష్మజీవులు ఇంకా పుట్టలేదు. అవి కుదురుకోకపోతే ఆ నీళ్లే చేపకు విషం."

"కంటికి కనబడని జీవుల కోసం సింహంగారిని ఆపమంటావా? గురువారం రిబ్బను కత్తిరిస్తున్నారు. శిలాఫలకం కూడా చెక్కించేశాం."

శిలాఫలకం మీద తేదీ మార్చడంకన్నా ప్రకృతిని మార్చడం సులువని జంబుకరావు నమ్మకం.

గురువారం రానే వచ్చింది. చేపను తొట్టిలో వదిలారు. అధ్యక్షులు సింహంగారు ఒక చిటికెడు మేత వేశారు. సభల్లో దీపం వత్తులు ఒక్కొక్కరూ వెలిగిస్తారు చూడండి, అలాగే వేదిక మీదున్న పదహారుమందీ తలా ఒక చిటికెడు వేశారు. ఏనుగు చిటికెడు ఎంతుంటుందో వేరే చెప్పక్కర్లేదు.

"దాని పొట్ట దాని కన్నంతే ఉంటుందండీ" అని కూర్మయ్య మొత్తుకున్నాడు.

"వరసలో ఎవర్ని ఆపినా అవమానమేనయ్యా" అన్నాడు జంబుకరావు.

మర్నాటికి తొట్టి కుడితిగోలెంలా తయారైంది. చేప రెక్కలు ముడుచుకుని అడుగున పడి ఉంది. కూర్మయ్యకు ఏడుపొచ్చింది. కుళ్లిన మేత ఏరిపారేసి, కాసిన్ని నీళ్లు మారుస్తూ కూర్చున్నాడు.

అంతలో జంబుకరావు నవ్వుకుంటూ వచ్చాడు. "కార్యక్రమం అదిరిందయ్యా. ఇకనుంచి ప్రతి గురువారం పెట్టాలని తీర్మానం చేశాం."

ఇంకొక్క గురువారమైతే చేప దక్కదు. కూర్మయ్య తల లోపలికి లాక్కుని కాసేపు ఆలోచించాడు.

"మంచిదేనండి. నిన్న తొందరలో ఎవరు ముందో ఎవరు వెనకో చూసుకోలేదు. కొందరు నొచ్చుకున్నారట. ఈసారి వరస ఖాయం చేసుకుంటే బాగుంటుందేమో."

జంబుకరావు అప్పటికప్పుడు ఉపసంఘం వేశాడు. వరస తేలేదాకా మేత కార్యక్రమం వాయిదా.

"బరువును బట్టి పిలవాలి" అంది ఏనుగు.

"వయసును బట్టి. నీ తాత చావుకు భోజనానికొచ్చినవాణ్ణి నేను" అన్నాడు ముసలి రాబందు.

అందాన్ని బట్టి పిలవకపోతే రాజీనామా చేస్తానంది నెమలి. ఎలుగుబంటి వాకౌట్ చేసి, భోజనాల వేళకు తిరిగొచ్చింది.

నెల గడిచింది. పక్కగదిలో అరుపులు ఆగలేదు. తొట్టిలో నీళ్లు మాత్రం కుదురుకుని తేటపడ్డాయి. రోజుకు రెండు గింజలు తిని, చేప రెక్కలు విప్పింది. హుషారొచ్చి నీటి మీద బుడగల గూడు కూడా కట్టుకుంది. దాన్ని చూస్తుంటే కూర్మయ్యకు కడుపు నిండినట్టుంది.

"ఇంకో వారంలో తేలిపోతుందిలే" అన్నాడు జంబుకరావు తలుపులోంచి తొంగిచూసి.

"తొందరేముందండి, మళ్లీ మొదటినుంచి చర్చించమనండి" అన్నాడు కూర్మయ్య.

నీతి: పెద్దలకు ఏకాభిప్రాయం కుదరకపోబట్టే చిన్న ప్రాణులు ఇంకా బతికి ఉన్నాయి.