ఆర్వల్ గడ్డకట్టిన ఉదయం

ఆ ఫిబ్రవరి ఉదయం ఆర్వల్ స్టాల్‌కప్ పొయ్యి గొట్టం కొనుక్కొస్తానని భార్యతో చెప్పి ఇంట్లోంచి బయటపడ్డాడు. గొట్టం నిజంగానే కావాలి. పాతది చిల్లుపడి వంటగదంతా పొగ కమ్ముకుంది. లవోనా లేచిన దగ్గర్నుంచీ దగ్గుతూనే ఉంది. అయినా సరే, ఊరి మలుపు దగ్గర ఆర్వల్ బండిని ఇనప సామాన్ల కొట్టు వైపు కాకుండా వైట్ రివర్ ఏటి వైపు తిప్పాడు. మధ్యాహ్నం దాకా నీళ్ళు వదలబోమని ఆనకట్ట వాళ్ళు చెప్పారు, అప్పటిదాకా ఏట్లో దిగి నిలబడొచ్చు. రాత్రి కురిసిన మంచుకు పై సరస్సులో చిన్న చేపలు చచ్చి, తెల్లారకముందు వదిలిన నీళ్ళతో తూముల్లోంచి ఏట్లోకి కొట్టుకొచ్చాయి. చలికాలమంతా అడుగున నక్కి ఉండే పెద్ద బ్రౌన్ ట్రౌట్ చేపలు వాటి కోసం పైకి వచ్చేది ఇలాంటి రోజుల్లోనే. అటువంటి రోజున పొయ్యి గొట్టాలు కొనేవాడు ఆ కొండల్లో ఎవడూ ఉండడు.

మూడు చలికాలాలుగా అతను ఒక్క చేప వెంట పడి ఉన్నాడు. రోడ్డు వంతెనకు కాస్త దిగువన, ఎప్పుడో కూలిన సికమోర్ చెట్టు కింద ఉంటుందది. దాని తల రెండుసార్లు చూశాడు, తోక ఒకసారి. ఊళ్ళో వాళ్ళంతా రోజూ దాని నెత్తిమీదుగానే కార్లలో పోతున్నారు, ఒక్కరికీ తెలియదు. ఇలాంటి చోటు ఒకరికి చెబితే మర్నాటికి పది పడవలు దిగుతాయి. అందుకని లవోనాకు చెప్పలేదు. బర్ల్ హెఫ్లీకి అసలే చెప్పలేదు. బర్ల్, తను చిన్ననాటి సావాసగాళ్ళు, ఒకే కోత మిల్లులో నలభై ఏళ్ళు రంపం పట్టినవాళ్ళు. ఒకరి రోగాలు ఒకరికి తెలుసు. చేపలుండే చోట్లు మాత్రం ఎవరివి వారివే.

ఛాతీ దాకా వచ్చే రబ్బరు తొడుగు వేసుకుని ఆర్వల్ ఏట్లో దిగాడు. చచ్చిన చేపలా కనబడేలా తెల్ల ఈకలతో తనే కట్టుకున్న గాలం అరచేయంత ఉంది. మొదటి విసురుకే చెట్టు కింద నీళ్ళు ఉబ్బాయి. చేప లేచింది, చూసింది, వెనక్కి పోయింది. అప్పుడిక తొందరపడకూడదు. అది కుదుటపడేదాకా కదలకూడదు, మెదలకూడదు. ఆర్వల్ నడుంలోతు నీళ్ళలో, మెడ ముందుకు చాచి, కొయ్యలాగా నిలబడిపోయాడు. గడ్డం మీద మంచు పేరుకుంది. దాన్ని తుడుచుకోవడం కూడా కదలడమే గనక తుడుచుకోలేదు.

సరిగ్గా అప్పుడే చర్చిలో పాటలు పాడే నాడీన్ వంతెన మీదుగా వస్తూ అతన్ని చూసింది. కారాపి పిలిచింది. ఆర్వల్ పలకలేదు. మళ్ళీ పిలిచింది. చేప ఉన్న చోట గొంతెత్తడమేమిటని అతనికి ఒళ్ళు మండింది. ఊరుకొమ్మని పెదాల మీద వేలు పెట్టి చూపాడు. గడ్డకట్టిన వేళ్ళను పాపం నోటితో ఊదుకుంటున్నాడని నాడీన్ అనుకుంది. వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపాడు. సాయానికి పిలుస్తున్నాడనుకుంది. ముందు అంబులెన్సుకు, తర్వాత లవోనాకు ఫోన్ చేసింది. అంబులెన్సు వాళ్ళ మాటలు వినబడే రేడియో ఆ కొండల్లో ప్రతి వంటింట్లోనూ ఉంటుంది. అందుకే మిగతా ఊరికి ఆమె వేరే చెప్పనక్కర్లేకపోయింది.

కాసేపటికి వంతెన మీద కార్లు బారులు తీరాయి. తెడ్లు వేసుకుంటూ ఓ పడవ వచ్చింది. అందులో అంబులెన్సులో పనిచేసే పిల్ల ట్రెస్సా, తెడ్లు వేసే మనిషి, వద్దన్నా వినకుండా ఎక్కేసిన లవోనా ఉన్నారు. ట్రెస్సా లవోనా చెల్లెలి కూతురు. ఇద్దరూ కలిసి ఆర్వల్‌ను చెరో రెక్క పట్టుకుని నది మధ్య గులకరాళ్ళ దిబ్బ మీదికి లాగారు. అతను గింజుకున్నాడు. చలి తలకెక్కిన వాళ్ళు ఇలాగే తిరగబడతారని ట్రెస్సా పెద్దమ్మతో, వంతెన మీద వాళ్ళందరికీ వినబడేలా చెప్పింది.

"పెదనాన్నా, ఇవాళ ఏ వారం?"

ఆర్వల్‌కు తెలియదు. మిల్లు పని మానేసినప్పటి నుంచీ అతనికి రోజులు రెండే రకాలు, నీళ్ళు వదిలేవి, వదలనివి. తెలియదన్నాడు. ట్రెస్సా లవోనా వైపు చూసింది.

"మరి ఇక్కడేం చేస్తున్నావు?"

నిజం చెబుదామని నోరు తెరిచేసరికి ఒడ్డున బర్ల్ హెఫ్లీ కనబడ్డాడు. రేడియో విని, వేసుకున్న చెప్పులతోనే పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, మోకాళ్ళ దాకా నీళ్ళలోకి దిగేసి వాళ్ళ వైపే వస్తున్నాడు. అరచేయంత గాలం చూస్తే బర్ల్‌కు ఇంకేం చెప్పక్కర్లేదు. ఆర్వల్ ఇంకా చేతిలోంచి వదలని గాలపు కర్రను చటుక్కున దించి, గాలాన్ని దిబ్బ అంచున నీళ్ళలోకి వదిలేశాడు. అది దారాన్ని లాక్కుంటూ ప్రవాహంలో కొట్టుకుపోయి కనబడకుండా పోయింది.

"నిలబడ్డాను," అన్నాడు ట్రెస్సాతో.

"ఎందుకు?"

"పొయ్యి గొట్టం కోసం."

లవోనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కొట్టుకని బయల్దేరి ఏట్లోకి దిగాడంటే మతి పోతోందన్న మాటేనని, పోయినవారం కళ్ళద్దాలు రొట్టెల డబ్బాలో దొరికినప్పుడే తనకు అనుమానం వచ్చిందని చెల్లెలి కూతురికి చెప్పుకుని కళ్ళు ఒత్తుకుంది. ఆర్వల్ ఒళ్ళంతా కోపంతో వణికింది. చూడండి, వణుకు కూడా మొదలైందని ట్రెస్సా అంది. అతన్ని మోసుకెళ్ళే పలక మీద పడుకోబెట్టి, దుప్పటి చుట్టి, చేతులతో సహా పట్టీలు బిగించేసింది.

ఇక్కడ ఏమైనా చేపలున్నాయా అని వంతెన మీంచి ఎవరో అడిగారు. ఆ ప్రశ్నకు బర్ల్ జవాబిచ్చాడు.

"ఇక్కడేముంటాయి, నాలుగు పిల్ల చేపలు తప్ప. ముసలాడికి మతి చెడింది, అంతే. పదండి, అందరం పోదాం పదండి."

మతి చెడిందన్న మాట ఆర్వల్‌కు ముల్లులా గుచ్చుకుంది. అయినా సంతోషించాడు. పిచ్చివాడనుకుంటే అనుకోనీ, చోటు దక్కింది. బర్ల్ ఇంత తెలివితక్కువ వాడైనందుకు మనసులోనే దండం పెట్టుకున్నాడు. అంతలో బర్ల్ దిబ్బ ఎక్కి, వంగి, గాలపు కర్ర తను పట్టుకుంటానన్నాడు.

"వాడికివ్వకు," అన్నాడు ఆర్వల్ పట్టీల్లోంచి. "లవోనా, నువ్వు పట్టుకో. పైకెత్తకు. కొన నీళ్ళలోనే ఉంచు."

మొగుడి ఆఖరి కోరికలా ఉందనుకుని లవోనా రెండు చేతులా కర్ర పట్టుకుంది. దారం బిగిసింది. కర్ర విల్లులా వంగింది. చెట్టు పక్కన నీళ్ళు పగిలి, గోధుమరంగు వీపొకటి పైకొచ్చి, వచ్చినంత తీరిగ్గా లోపలికి పోయింది.

తర్వాత ఆర్వల్ పెట్టిన కేకలు అతను అంతకుముందు పదేళ్ళలో మాట్లాడిన మాటల కన్నా ఎక్కువ. దారం వదలమన్నాడు, చుట్టమన్నాడు, వదలమంటే ఎందుకు చుడుతున్నావన్నాడు. రోగం ముదురుతోందని ట్రెస్సా పట్టీలు ఇంకాస్త బిగించింది. అంతలో బర్ల్ నడుం దాకా నీళ్ళలోకి దూకాడు.

"ఎడమకు లాగమ్మా, ఎడమకు. చెట్టు కింద రెండో వేరుంది, అడ్డంగా. దాని కిందికి దూరిందంటే దారం తెగుద్ది. పోయినేడు నాకట్నే తెగింది."

లవోనా ఎడమకు లాగింది. ఆర్వల్ మాత్రం ఇక కేకలు వెయ్యలేదు. పలక మీద తల తిప్పి బర్ల్‌ను చూశాడు.

"రెండో వేరా?" అన్నాడు.

బర్ల్ వినబడనట్టు లవోనాకు మళ్ళీ ఎడమకు చెయ్యి చూపాడు.

"పిల్ల చేపలే అన్నావు కదరా."

"నువ్వు పొయ్యి గొట్టమన్నావు," అన్నాడు బర్ల్.

మూడేళ్ళు. తను పొద్దున, వీడు సాయంత్రం కాబోలు. తను ఎంత జాగ్రత్తగా అడుగులు చెరిపేవాడో, వీడూ అంత జాగ్రత్తగానే చెరిపి ఉంటాడు. ప్రతి ఆదివారం చర్చి మెట్ల మీద పక్కపక్కన కూర్చుని, ఈ ఏడు ఏట్లో చేపల్లేవని ఇద్దరూ నిట్టూర్చారు. ఇంత నమ్మకద్రోహం ఆర్వల్ తన జన్మలో చూడలేదు. లేచి కొట్టేవాడే, పట్టీలు లేకపోతే.

వల లేదు గనక ట్రెస్సా మిగిలిన దుప్పటొకటి నీళ్ళలో పరిచింది. లవోనా చేపను అందులోకి నడిపించింది. పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకోవలసి వచ్చింది. ఒంటి మీద ఎర్రటి చుక్కలు, కింది దవడ కొక్కెంలా పైకి తిరిగి ఉంది. దవడ పక్కన పాత గాలమొకటి తుప్పు పట్టి వేలాడుతోంది. అది బర్ల్‌దని ఎవరూ అడగకుండానే తెలిసిపోయింది, అతని మొహం అలా అయింది.

ఇద్దరు ముసలాళ్ళూ ఒకేసారి మాట్లాడారు. ఒకరు కొలవమన్నారు, ఇంకొకరు ఫోటో తియ్యమన్నారు. ఇద్దరూ ఆ చేప తమదేనన్నారు.

"మీ ఇద్దరూ ఇక్కడ చేపల్లేవన్నారుగా," అంది లవోనా. "లేని చేపకు ఫోటో ఏంటి?"

రెండు గాలాలూ ఊడబీకి, తలను ప్రవాహానికి ఎదురుగా పెట్టి, ఊపిరి అందేదాకా పట్టుకుని వదిలేసింది. అది చెట్టు కిందికి మెల్లగా వెళ్ళిపోయింది. బర్ల్ నీళ్ళలోనే చతికిలబడ్డాడు. పెదాలు నీలంగా తిరిగాయి, పళ్ళు టకటకలాడుతున్నాయి. ట్రెస్సా అతన్నో చూపు, ఆర్వల్‌నో చూపు చూసి, తన దగ్గరున్నది ఒక్క పలకే గనక ఆర్వల్ పట్టీలు విప్పింది. బర్ల్‌ను పడుకోబెట్టి బిగించింది. అతను తనకేమీ కాలేదని తిరగబడ్డాడు. ఇలాగే తిరగబడతారని ఆమె తెడ్లు వేసే మనిషికి చెప్పింది.

మళ్ళీ వస్తామని చెప్పి పడవ వాళ్ళు వెళ్ళిపోయారు. కార్లు ఒక్కొక్కటే కదిలాయి. దిబ్బ మీద మొగుడూ పెళ్ళాలే మిగిలారు. ఆర్వల్‌కు అంత కోపంలో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. లవోనా తెల్లగాలాన్ని దులిపి, ఈకలు సరిచేసి, కర్రను భుజాన వేసుకుంది. తిరిగి ఇవ్వలేదు. దగ్గు కూడా పోయినట్టుంది.

"రేపు నీళ్ళు ఎప్పుడు వదుల్తారయ్యా?" అని అడిగింది.

ఆర్వల్‌కు తెలుసు. చెప్పలేదు.