ఫాస్ఫేట్ ఎక్కిన ఆదివారం

ఆదివారం పొద్దున్నే లేచి, చేపల తొట్టిలో నీళ్ళు పరీక్ష చేసి, వచ్చిన నంబరు మామగారికి ఫోన్లో చెప్పేసి, మళ్ళీ ముసుగుతన్ని పడుకోవాలని అల్లుడి పథకం. పథకంలో తప్పేమీ లేదు. తొట్టీ, తొట్టి ఉన్న ఇల్లూ మామగారివి కావడమే వచ్చిన చిక్కు.

మామగారు ఫ్యాక్టరీలో సరుకు తనిఖీ చేసి చేసి రిటైరైన మనిషి. బాగాలేనిదాన్ని తిప్పి పంపడమే ఆయన ఉద్యోగం. అల్లుణ్ణి తిప్పి పంపే వీల్లేక ఊరుకున్నారు గానీ, పెళ్ళయిన మూడేళ్ళలో నమ్మి ఒక్క పని అప్పజెప్పిన పాపాన పోలేదు. పిలవాలంటే "ఏమోయ్" అనేవారు, అంతే. అలాంటి మనిషి చెల్లెల్ని చూడ్డానికి ఊరెళ్తూ, హాల్లోని తొట్టినీ దాని పక్కనున్న డిజిటల్ మీటరునీ అల్లుడి మీద వదిలారు.

"ఏమోయ్, ఈ గాజు సీసాలో తొట్టి నీళ్ళు పట్టు. మందు పొట్లం వేసి ఊపు. మీటర్లో పెట్టి మీట నొక్కు. నీళ్ళల్లో ఫాస్ఫేట్ ఎంతుందో అదే చెప్తుంది. సున్నా పాయింట్ సున్నా అయిదు దాటకూడదు. సీసా మీద వేలిముద్ర కూడా ఉండొద్దు. మా తాతయ్యకేమైనా అయిందో..." అని అంతటితో ఆపారు.

తాతయ్య అంటే తొట్టిలోని ముసలి బంగారు చేప. మామగారు పొద్దున్నే ప్రేమగా పలకరించేది ఇంటిల్లిపాదిలో దాన్నొక్కదాన్నే.

అల్లుడు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాడు. గాజు మీద మరక చూస్తే అతనికి ముద్ద దిగదు. సీసా చేతికి రాగానే, బట్టల సబ్బు పొడి చిటికెడు తీసి, నాలుగు చుక్కల నీళ్ళతో లోపలా బయటా రుద్ది, మెత్తటి గుడ్డతో తుడిచాడు. దుకాణంలో అద్దాలకు చేసేదీ ఇదే. సీసా తళతళలాడింది. నీళ్ళు పట్టి, మందు వేసి, మీట నొక్కాడు.

సున్నా పాయింట్ ఆరు.

అల్లుడు వెంటనే చేపలమ్మే దుకాణదారుకు ఫోన్ చేశాడు.

"అంతుందా? మేత ఎక్కువేశారా?"

"లేదండీ, చిటికెడే."

"అయితే ఏదో కుళ్ళుతోంది. ఇలాగే వదిలేస్తే నీళ్ళు పచ్చబడి, ఊపిరాడక ఒక్కొక్కటే..." అంటుండగా అవతల ఎవరో బేరానికొచ్చినట్టున్నారు, ఫోన్ పెట్టేశాడు.

ఒక్కొక్కటే ఏమవుతాయో అల్లుడు తనే ఊహించుకున్నాడు. ఎందుకైనా మంచిదని సీసాకు ఈసారి ఇంకాస్త పొడి పట్టించి, మరింత శ్రద్ధగా తుడిచి, మళ్ళీ పరీక్ష చేశాడు. ఒకటి పాయింట్ ఒకటి. కళ్ళ ముందే దాదాపు రెట్టింపయింది.

"అత్తయ్యా, మీరేమైనా మేత వేశారా?" అని వంటింట్లోకి తొంగిచూశాడు.

"నేనా? ఆ తొట్టి జోలికెళ్ళి ఆర్నెల్లయింది నాయనా. ఆయన చేపలు, ఆయన ఇష్టం," అని అత్తగారు ముఖం తిప్పుకున్నారు.

భార్యా తనూ కలిసి సగం నీళ్ళు తోడి పారబోసి, డ్రమ్ములో నిలవున్న నీళ్ళు పోశారు. ప్రతిసారీలాగే సీసాను ఇంకాస్త పొడితో తోమి చూస్తే నంబరు పెరిగింది. ఇక తొట్టినే నమ్మకూడదని చేపల్ని పట్టి బకెట్లలోకీ, బేసిన్లలోకీ, ఇంట్లో ఉన్న పెద్ద గిన్నెలన్నిటిలోకీ మార్చారు. బకెట్లో నీళ్ళు పరీక్షిస్తే ఇంకా పెరిగింది. ఆఖరికి కుళాయి తిప్పి నేరుగా ఆ నీళ్ళే పట్టి చూశాడు. రెండు దాటింది.

"కుళాయి నీళ్ళే పాడయ్యాయి. ఎవరూ గొంతులో చుక్క పోసుకోకండి," అన్నాడు కుళాయి కట్టేస్తూ.

"అయ్యో, పిల్లలున్నవాళ్ళకి చెప్పొద్దూ?" అంటూ భార్య పక్కింటివాళ్ళకు చెప్పింది. పక్కింటావిడ ఎదురింటికి చెప్పేసరికి అది విషమైంది. ఆ మాట వీధి మలుపు తిరిగేసరికి ఇద్దరు ఆసుపత్రిలో చేరారు. వీధి వీధంతా డ్రమ్ములు ఒంపేసి, ఖాళీ బిందెలతో వీళ్ళ గుమ్మం ముందు చేరింది. నీళ్ళు వదిలే ఉద్యోగి సైకిలు దిగీ దిగకుండానే, "నేనేం కలపలేదు బాబూ, నాకేం తెలీదు," అని ప్రమాణాలు మొదలుపెట్టాడు.

ఆ గొడవలో ఫోన్ మోగింది. మామగారు.

"నంబరెంతోయ్?"

"చూస్తున్నానండీ."

"పొద్దున్నించీనా?" అని, "బస్సెక్కుతున్నా," అన్నారు. ఫోన్ కట్టయింది.

"ఏమండీ, తాతయ్య కదలట్లేదు," అంది భార్య ఏడుపు గొంతుతో.

అల్లుడు బకెట్ ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "తాతయ్యా, మీకు పుణ్యముంటుంది. ఒక్కసారి తోకాడించండి," అని బతిమాలాడు. తాతయ్య ఆడించలేదు. ఈ ఇంట్లో తన బతుకు ఇక ఇంతేననుకున్నాడు అల్లుడు. మూడేళ్ళకు దొరికిన ఒక్క పని, అదీ ఒక్క పూటలో గంగలో కలిసింది.

బస్సు దిగిన మామగారు జనాన్ని తోసుకుంటూ లోపలికొచ్చారు. ఖాళీ అయిన తొట్టినీ, చేపలున్న గిన్నెల్నీ, అల్లుణ్ణీ వరసగా చూశారు. తిట్టలేదు. తిడితే బాగుండనిపించింది అల్లుడికి. ఆయన సీసా అందుకుని వాసన చూశారు.

"దేంతో కడిగావు?"

"బట్టల పొడితో మామయ్యగారూ. మరక లేకుండా తుడిచాను."

"నీళ్ళతో జాడించావా?"

"జాడిస్తే నీటి మరకలు పడతాయనీ..." అన్నాడు అల్లుడు.

మామగారు సీసాను తాతయ్య ఉన్న బకెట్ నీళ్ళతోనే మళ్ళీ మళ్ళీ జాడించి, పరీక్ష చేశారు. సున్నా పాయింట్ సున్నా నాలుగు. చెయ్యి తగిలిన విసుగుతో తాతయ్య గిర్రున తిరిగి తోకతో ఆయన ముఖాన నీళ్ళు కొట్టింది. అప్పటిదాకా కునుకు తీసినట్టుంది.

"నీళ్ళు బంగారంలా ఉన్నాయి. ఫాస్ఫేట్ సబ్బు పొడిది. మీరంతా ఇళ్ళకి వెళ్ళండి," అని మామగారు గుమ్మంలోని జనాన్ని పంపేసి తలుపు వేశారు. ఇప్పుడిక తన వంతు వచ్చిందని అల్లుడు కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు తెరిచి చూస్తే, మామగారు స్టూలు మీద కూర్చుని సీసావంకే చూస్తున్నారు.

"ఆర్నెల్ల కిందట ఇది మసకబారిందని నేనూ ఆ పొడితోనే తోమాను," అన్నారు గొంతు తగ్గించి. "నంబరు ఇలాగే ఎక్కింది. మీ అత్తయ్య దొంగచాటుగా మేత వేస్తోందనుకున్నా. చుట్టాల ముందు కేకలేశా. మళ్ళీ తొట్టి ముట్టుకుంటే ఊరుకోనన్నా."

"ఏమండీ," అని వంటింట్లోంచి అత్తగారి గొంతు నిదానంగా వచ్చింది. "ఇంతకీ నంబరెందుకు పెరిగిందట?"

మామగారు సీసాను గబుక్కున చొక్కా జేబులో దాచారు. చూస్తే అల్లుడికి జాలేసింది.

"అల్లుడుగారూ," అన్నారాయన. "ఈ సంగతి మీ అత్తయ్యకి మీరే చెప్పాలి. నాకు మీమీదే నమ్మకం."

పెళ్ళయిన మూడేళ్ళలో మామగారు నమ్మి అప్పజెప్పిన రెండో పని అది. మొదటిదే నయమనిపించింది అల్లుడికి.