గేటు దగ్గర ప్లాస్మాపొర

ఆ రోజు పొద్దున్నే టీచరమ్మ ఇల్లంతా చీటీలు అంటించింది. బడి ప్రయోగశాలకు రంగులు వేస్తున్నారు కనుక, వీధి చివర ఉన్న తన ఇంట్లోనే ఎనిమిదో తరగతికి వృక్షకణం పాఠం చెప్పాలని ఆమె ఆలోచన. ఇల్లే కణం. ప్రహరీ కణకవచం, గేటు ప్లాస్మాపొర, వంటిల్లు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా. పది గంటలకు తనిఖీ అధికారి వచ్చి పాఠం వింటాడు. ఆయనకు నచ్చితే ఆమె మూడేళ్ల తాత్కాలిక ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. నచ్చకపోతే వచ్చే నెల నుంచి బడికి వెళ్లనక్కర్లేదు.

కంటికి కనిపించనంత చిన్న గదిలో దేవుడు ఇంత సంసారం ఇమిడ్చాడు. అందులో అత్తాకోడళ్లను కూడా పెట్టాడో లేదో పాఠ్యపుస్తకం చెప్పదు. ఈ ఇంట్లో మాత్రం ఉన్నారు.

"కేంద్రకం అంటే ఏమిటే?" అని అడిగింది అత్తగారు.

"కణానికంతటికీ పెద్ద, అత్తయ్యా. ఏ పని ఎలా జరగాలో అదే చెబుతుంది."

"మరి ఆ చీటీ తీసుకెళ్లి బీరువాకి అంటించావేం?"

"ఇంటి కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి కదా..."

"ఓహో! ఇన్నాళ్లూ ఈ ఇంటికి పెద్ద బీరువా అన్నమాట. అయితే టీ కూడా దాన్నే పెట్టమను!" అంటూ అత్తగారు పొయ్యి ఆపేసి, వంటింటి పీట మీద గోడవైపు తిరిగి కూర్చుంది.

హాలు మధ్య సోఫాలో పడుకున్న భర్త అప్పుడే తల దగ్గరి చీటీ చదివాడు. "రిక్తిక అంటే ఖాళీ అనేగా? నేను ఖాళీనా?"

"మీరు కాదండీ, సోఫా. మధ్యలో చోటంతా ఆక్రమించుకుని, నీళ్లు నిలవ చేసుకుని ఉంటుంది."

"చీటీ సరైన చోటే ఉంది," అంది వంటింట్లోంచి అతని తల్లి.

గేటు బాధ్యత మామగారిది. ఆయన ఒక కర్మాగారం గేటు దగ్గర ముప్పై రెండేళ్లు గుమాస్తాగా చేసి, కాగితం లేకుండా ఒక్క మేకును కూడా దాటనివ్వని మనిషి. "కావలసినవాటినే లోపలికి రానివ్వాలి, మామయ్యగారూ," అని కోడలు చెప్పగానే ఆయన అడిగింది ఒక్కటే: "జాబితా ఏదీ?"

ఆమె హడావిడిగా రాసిచ్చింది. పిల్లలు ఇరవై నలుగురు, నీరు, గాలి, చక్కెర, లవణాలు. అధికారిని రాయడం మరిచిపోయింది.

పిల్లలు లెక్క ప్రకారం లోపలికి వెళ్లారు. నీళ్ల డబ్బాలవాడు వెళ్లాడు. సరిగ్గా పది గంటలకు అధికారి వచ్చాడు.

"ఏం తెచ్చారు?" అన్నారు మామగారు.

"ఫైలు."

"ఫైలు జాబితాలో లేదు."

"నేను తనిఖీకి వచ్చానండీ!"

"తనిఖీ కూడా లేదు."

లోపల టీచరమ్మ పాఠం చెబుతూ గడియారం చూస్తోంది. బయట అధికారి గొడుగు లేకుండా నలభై నిమిషాలు ఎండలో నిలబడ్డాడు. అప్పుడు పక్కింటావిడ గిన్నెతో వచ్చింది. "అన్నయ్యగారూ, మొన్న తీసుకున్న పంచదార తెచ్చాను."

"ఇందులో చక్కెర అని ఉందమ్మా."

"రెండూ ఒకటేనండీ!"

మామగారు చిటికెడు నోట్లో వేసుకుని తల ఊపారు. గేటు తెరుచుకుంది. అధికారి ఒక్క అంగలో వచ్చి గిన్నె అంచు పట్టుకున్నాడు. "దీన్ని నేను కూడా మోస్తున్నాను!"

మామగారు జాబితా తిరగేసి చూశారు. చక్కెరను ఎందరు మోయాలో అందులో లేదు. "సరే, పదండి."

చెమటలు కక్కుతూ, చేతిలో గిన్నెతో వచ్చిన అధికారిని చూసి టీచరమ్మ గబగబా కుర్చీ లాగి వేసింది.

"ఏమ్మా, మీ కణంలో మర్యాద ఉండదా?"

ముందు వరసలో కూర్చున్న పిల్ల లేచింది. "పొర మర్యాద చూడదు సార్, ఏది కావాలో అదే చూస్తుంది. కొన్నిటికైతే తోడు లేకపోతే లోపలికి రావడమే కుదరదు."

అధికారి గిన్నె వంక చూసుకున్నాడు. "కాస్త టీ అయినా ఇస్తారా?"

"మైటోకాండ్రియా ఆగిపోయింది సార్," అంది మరో పిల్ల. "కాసేపట్లో కణం చచ్చిపోతుంది."

అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. "నేను పొయ్యి ఆపితే అంతా చస్తుందా?"

"అంతా, మామ్మగారూ. కేంద్రకం కూడా."

"బీరువా కూడానా!" అత్తగారి ముఖం వెలిగిపోయింది. రెండు నిమిషాల్లో పొయ్యి కూడా వెలిగింది.

అధికారి టీ తాగి, ఫైలు తెరిచాడు. "ఈ పాఠం ఎన్నో బళ్లలో విన్నానమ్మా. పొర అంటే ఏమిటో ఇవాళ మోకాళ్లు పీకాక తెలిసింది. మీ ఉద్యోగం పర్మనెంటు. రేపు ఉత్తరం పంపిస్తాను."

ఆ సంతోషంలో, పాఠం అయిపోయిందని ప్లాస్మాపొరకు ఎవరూ చెప్పలేదు. మర్నాడు ఆ ఉత్తరం పట్టుకొచ్చిన బంట్రోతును, పంచదార తీసుకుని రమ్మని అది గేటు దగ్గర్నుంచే తిప్పి పంపేసింది.