నాలుగు ఫ్యాన్లు, ఒక్క సాకెట్టు

ఫ్యాను గాలిని లోపలికి పీల్చాలా, బయటికి ఊదాలా అన్న విషయమై ఆ ఇంట్లో పొద్దున్నే జరిగినది గొడవ కాదనీ, సాంకేతిక చర్చ మాత్రమేననీ మామగారు తర్వాత ప్రకటించారు. చర్చలో స్క్రూడ్రైవరు సోఫా కిందికి వెళ్ళింది. మరిది అలిగి స్నానం మానేశాడు. అత్తగారు "మీ తండ్రీకొడుకుల మధ్య నా ప్రాణం పోతోంది" అని గది తలుపు వేసుకున్నారు. అంతకు మించి నష్టమేమీ లేదు.

చర్చకు మూలమైన కంప్యూటరు కోడలిది. ఆవిడ ఇంట్లో కూర్చుని ఒక ప్రెస్సుకి బడిపిల్లల పుస్తకాల పేజీలు కూర్చి పంపుతుంది. దీన్ని ఇంటిల్లిపాదీ "ఏదో కాలక్షేపం" అని గౌరవంగా పిలుస్తారు. ఆ వారం కాలక్షేపానికి ఆపద వచ్చింది. పెట్టెలోని వేడిని బయటికి తోసే పాత ఫ్యాను నీరసించిపోయి, బొమ్మలున్న పేజీ తెరిస్తే చాలు, కంప్యూటరు వేడెక్కి ఆరిపోతోంది. శనివారానికి సైన్సు పుస్తకం చేతికిస్తే పై తరగతుల పుస్తకాలన్నీ మీకేనమ్మా అని ప్రెస్సు యజమాని మాటిచ్చాడు. ఇవ్వకపోతే ఎవరికిస్తాడో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

కోడలు అడిగింది ఒక్క ఫ్యాను. ఉదారమైన ఇల్లు కాబట్టి నాలుగు వచ్చాయి. మరిది నీలం దీపాలున్నది తెచ్చాడు. తమ్ముడు తెచ్చాక అన్న ఊరుకుంటే బాగుండదని భర్త ఎర్రదీపాలున్నది తెచ్చాడు. "నేనీ ఇంట్లో మనిషిని కానా?" అని అత్తగారు కళ్ళొత్తుకుంటే ఆవిడ పేరున తెల్లది ఒకటి వచ్చింది. ఒక పెద్ద కార్యాలయంలో ఉపసంచాలకులుగా పదవీ విరమణ చేసిన మామగారు, హోదాకు తగ్గట్టు అన్నిటికన్నా పెద్దది తెప్పించుకున్నారు. దాని దీపాలు ఏడు రంగులు మారతాయి. పేజీలు ఎప్పుడు పూర్తవుతాయని మాత్రం ఎవరూ అడగలేదు. నలుగురూ ఫ్యాన్ల పనిలో తలమునకలుగా ఉన్నారు.

కంప్యూటరులో భాగాలన్నీ వచ్చి ఆనుకునే పెద్ద పలక మదర్‌బోర్డు. ఫ్యాన్ల కోసం దాని మీద చిన్న సాకెట్లు రెండున్నాయి. కోడలికి ఒక చెడ్డ అలవాటుంది. వస్తువుతో పాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని చదువుతుంది.

"మామయ్యగారూ, ఒక్కో సాకెట్టు ఒక్క ఆంపియరు కన్నా ఎక్కువ కరెంటు మొయ్యదటండీ. ఒక్కో ఫ్యాను ఎంత లాగుతుందో దాని వెనకే అచ్చేసి ఉంది. నాలుగూ ఒక్కదానికే తగిలిస్తే సాకెట్టు కాలిపోతుంది. తిరగడం మొదలెట్టేటప్పుడైతే ఇంకా ఎక్కువ లాగుతాయట."

"అమ్మాయ్," అన్నారు మామగారు కళ్ళజోడు తీసి, "ఒక ఇంట్లో రెండు పొయ్యిలుంటాయా? ఈ ఇంట్లో అందరం ఒక్క కుదురు మీదే బతికాం. ఎప్పుడైనా ఎవరి మీదైనా భారం పడిందా?"

కోడలు జవాబు చెప్పబోయింది కానీ, పొయ్యి మీద టీ పొంగుతోంది. అత్తగారి మోకాళ్ళకు వేడినీళ్ళు కావాలి, భర్త చొక్కా ఇస్త్రీ కావాలి, మరిదికి అలక తీరి ఆకలేస్తోంది. దాంతో ప్రశ్నకు సమాధానం లేదన్నట్టు తేలిపోయింది.

ఒక తీగని రెండుగా, ఆ రెంటినీ నాలుగుగా చీల్చే తీగలు బజార్లో దొరుకుతాయి. వాటితో నాలుగు ఫ్యాన్లనీ ఒక్క సాకెట్టుకి కట్టారు. ఇక్కడ చిన్న చిక్కు వచ్చింది. అలా చీల్చినప్పుడు, తానెంత వేగంతో తిరుగుతున్నానో మదర్‌బోర్డుకి చెప్పుకునే తీగ ఒక్క ఫ్యానుకే ఉంటుంది. మిగిలిన మూడూ తిరుగుతున్నాయో ఆగాయో అడిగే ఏర్పాటు లేదు. మాట్లాడే తీగ ఎవరిదన్న విషయంలో ఓటింగు అవసరం కాలేదు. అది మామగారి ఫ్యానుకే దక్కింది. అదొక్కటి తిరిగితే చాలు, తెర మీద "అంతా సవ్యం" అని వస్తుంది. ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కార్యాలయం నివేదికలు ఇలాగే వచ్చేవట.

ప్రారంభోత్సవానికి పక్కింటివాళ్ళని పిలిచారు. పెట్టె పక్కన నిలబడి మామగారు ప్రసంగించారు. "రంగులు వేరైనా కుదురు ఒక్కటే. ఈ ఫ్యాన్లని చూసి మన పిల్లలు నేర్చుకోవాలి." చప్పట్లు మోగాయి. మీట నొక్కారు. నీలం, ఎరుపు, తెలుపు, ఏడు రంగులు ఒక్కసారి వెలిగాయి. పక్కింటావిడ "అబ్బ, మీ కోడలు అదృష్టవంతురాలండీ" అంటుండగానే పెట్టెలోంచి సన్నగా పొగ, ప్లాస్టిక్కు కాలిన కంపు వచ్చాయి. నాలుగు ఫ్యాన్లూ ఆగిపోయాయి. కోడలు పరుగున వెళ్ళి గోడ దగ్గర స్విచ్చు కట్టేసింది.

"చూశారా ఐకమత్యం?" అన్నారు మామగారు అతిథులతో. "ఆగినా కలిసే ఆగాయి."

శనివారం ఎల్లుండే. ఒక సాకెట్టు నల్లబడింది, రెండోది బతికే ఉంది. కోడలు భర్తకి ఒక వస్తువు పేరు రాసిచ్చి బజారుకి పంపింది. దాన్ని హబ్ అంటారు. ఫ్యాన్లన్నీ దానికే తగులుతాయి. కరెంటు దానికి మదర్‌బోర్డు నుంచి రాదు, పెట్టెకంతటికీ కరెంటు పంచే పవర్ సప్లై నుంచి సొంత తీగ మీద నేరుగా వస్తుంది.

మామగారు ససేమిరా అన్నారు. "అంటే వేరు కాపురం పెట్టిస్తావా? నేనుండగా?"

"కాపురం ఒకటేనండీ. ఎంత వేగంగా తిరగాలో మదర్‌బోర్డే చెప్తుంది, ఆ మాట మోసే తీగ అలాగే ఉంటుంది. తిండి మాత్రం వేరేచోట నుంచి వస్తుంది."

"అయితే పెత్తనం దానిదే, పోషణ బాధ్యత మాత్రం లేదంటావు?"

"అంతేనండీ."

"ఇది మొదటే చెప్పాలిగా తల్లీ! ఇంత చక్కటి పద్ధతిని నేనెందుకు కాదంటాను?"

హబ్ అమరింది. ఫ్యాన్లు గుట్టుగా తిరిగాయి. బొమ్మలున్న పేజీలు తెరిచినా పెట్టె చల్లగానే ఉంది. శనివారం మధ్యాహ్నానికి పుస్తకం ప్రెస్సుకి చేరింది. యజమాని ఫోన్ చేసి "తప్పు వెతుకుదామన్నా దొరకలేదమ్మా, పై తరగతులవి సోమవారం పంపుతున్నా" అన్నాడు. ఆ సాయంత్రం కోడలు గిన్నెలు తోముతూ చిన్నగా ఏదో పాట పాడుకుంది. అత్తగారు విని, ఒంట్లో బాలేదేమోనని కంగారుపడ్డారు.

ఆదివారం అందరూ భోజనాలకు కూర్చున్నారు. కోడలు వడ్డిస్తోంది. మామగారు గొంతు సవరించుకున్నారు.

"ఈ వారం మనకో గొప్ప పాఠం. ఒక్క సాకెట్టుకి ఎన్ని తగిలించామో మనం చూసుకోలేదు. యంత్రం గనక పొగ వచ్చింది. మనిషైతే పొగ కూడా రాదు. ఒక్కసారి మన కోడలి వైపు చూడండి."

అందరూ చూశారు. గరిట పట్టుకున్న ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఇస్త్రీ భర్తకి, టీ మరిదికి, వేడినీళ్ళు మామగారికి అప్పగిస్తే ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఊహించుకుంది కూడా.

"వంట, బట్టలు, అత్తగారి మోకాళ్ళు, నా మందులు, వీటన్నిటి మీద ఆ పేజీలు! ఎంతని మోస్తుంది? అందుకే నిర్ణయించాను. నీ భారం తగ్గిస్తున్నాం తల్లీ. రేపట్నుంచి ఆ పేజీల పని లేదు. ప్రెస్సు ఆయనకి నేనే ఫోన్ చేసి చెప్పేశాను."

"మామయ్యగారూ," అంది కోడలు. "మనం సాకెట్టు పని మాన్పించలేదండీ. ఫ్యాన్లకి వేరే దారి చూపించాం."

"యంత్రాల సంగతి వేరు, సంసారం సంగతి వేరు," అన్నారాయన ఆప్యాయంగా.

"నాన్న నీ గురించి ఎంత ఆలోచించారో చూశావా?" అన్నాడు భర్త. అత్తగారు కళ్ళొత్తుకున్నారు. "అయితే వదినా, ఇక కంప్యూటరు ఖాళీయేగా? నా గేములకి బాగుంటుంది" అన్నాడు మరిది. నిర్ణయం ఏకగ్రీవంగా ఆమోదం పొందినట్టు మామగారు ప్రకటించి, ఇంకాస్త కూర అడిగారు.

పెద్దాయన మంచివాడే, కాకపోతే కాస్త పాతకాలం మనిషి అని మీకూ అనిపించి ఉంటుంది. మీ ఇంట్లో ఇలాంటివి జరగవు, నాకు తెలుసు. మీ చేతిలో టీ చల్లారిపోతోంది, తాగండి. కలిపి తెచ్చినావిడ కప్పు కోసం ఇంకోసారి రావాలి కదా.