కిరోసిన్‌లో మామగారు

ఆ ఆదివారం ఉదయానికి గుమాస్తా వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఏడింటికి కాఫీ. ఏడుంపావుకి కారు కింద దూరడం. మిగిలిన సామాన్లు బిగించి తొమ్మిదింటికి స్టార్టు చేయడం. తరువాత స్నానం. పదిన్నరకి అత్తగారిని ముందు సీట్లో కూర్చోబెట్టి, పదకొండింటికల్లా ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరైన బడి గేటు ముందు దింపడం. బడిలో ఆ రోజు పాత విద్యార్థుల సభ. అధ్యక్షురాలు అత్తగారే. గుమాస్తా ఇదంతా ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. నీటి సరఫరా ఆఫీసు రికార్డుల గదిలో పద్దెనిమిదేళ్లు గడిపిన మనిషి కాబట్టి కాగితం లేనిదే అతనికి ఏ పనీ మొదలుకాదు.

ఆ కాగితం అడుగున అతని భార్య ఒక వాక్యం చేర్చింది. "స్టార్టు కాకపోతే పన్నెండింటికి పాత ఇనుము కొనేవాడు వస్తాడు." ఇది ఉత్త బెదిరింపు కాదు. ఆవిడ నిన్ననే ఫోన్ చేసి చెప్పేసింది.

ఆవిడ కోపంలో న్యాయం లేకపోలేదు. ఇరవై రెండేళ్ల వయసున్న ఆ కారుని అయిదు నెలల క్రితం తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చారు. రిపేరు పని నేర్చుకోవడానికే కొన్నానని గుమాస్తా గర్వంగా చెప్పుకున్నాడు. మొదట్లో నెట్టి లేపితే కాసేపు నడిచేది, తరువాత సామాన్లన్నీ విప్పేశాడు. అప్పటినుంచి పోర్టికో కారుదే. స్కూటర్ వానలో తడుస్తోంది, ఉతికిన బట్టలు హాల్లో ఆరుతున్నాయి. అయినా గుమాస్తా పట్టు వదల్లేదు. రబ్బరు స్టాంపు తప్ప మరో పనిముట్టు ఎరగని చేతులు అతనివి. వాటితో ఒక్క యంత్రమైనా బాగుపడాలని, బాగుపడిందని ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలని అతనికి పిచ్చి ఆశ. ఈ పూట కారు కదలకపోతే ఆ ఆశ కాస్తా ఇనుప సామాన్ల బండెక్కి పోతుంది.

పని నేర్పే గురువు వీధి చివర షెడ్డు మేస్త్రి. ఆయన చెప్పే విడిభాగాల పేర్లు గుమాస్తాకి ఈ చెవిలోంచి ఆ చెవిలోకి పోయేవి. అందుకని అతనొక ఉపాయం కనిపెట్టాడు. ప్రతి భాగానికీ దాని గుణాన్ని బట్టి ఒక చుట్టరికం అంటగట్టి, నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఎంత తిప్పినా లేవని సెల్ఫు మోటారు మామగారు. పొద్దున్నే కీచుమనే ఫ్యాను బెల్టు అత్తయ్యగారు. ఊరికే వేడెక్కే రేడియేటరు పెద్ద వదినగారు. మర్యాదస్తుడు కనుక పుస్తకంలోనూ, ఫోన్లోనూ 'గారు' మాత్రం వదల్లేదు. ఆ మర్యాదే అతని కొంప ముంచింది.

తొమ్మిదీ ముప్పావుకి అసలు మామగారు బాత్రూంలో గడ్డం గీసుకుంటున్నారు. ఆయనా, అత్తగారూ వచ్చి పది రోజులైంది. బాత్రూం కిటికీ పోర్టికో వైపు ఉంది. కిటికీ కింద గుమాస్తా, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని మేస్త్రితో మాట్లాడుతున్నాడు.

"మేస్త్రీ, మా మామగారు ఇంకా లేవట్లేదు."

మామగారి చేతిలో బ్లేడు ఆగింది.

"మొన్నంతా కిరోసిన్‌లో నానబెట్టాను. ఒంటిమీద మడ్డంతా గీకాను కూడా. అయినా కదలరే!... సుత్తితోనా? నిన్న మధ్యాహ్నమే నెత్తిమీద రెండు తగిలించానయ్యా. టక్కుమన్నారు, మళ్లీ పడుకున్నారు."

మామగారు తల తడుముకున్నారు. నిన్న మధ్యాహ్నం నుంచి ఆయనకు కాస్త తలనొప్పిగానే ఉంది. ఎందుకో ఇప్పటిదాకా అర్థం కాలేదు. తన తువ్వాలు కిరోసిన్ కంపు కొడుతోందని రెండు రోజులుగా మొత్తుకుంటున్నా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

"పీకేసి వేరే ఆయన్ని తెచ్చుకోమంటావా? వద్దులే, ఈయన్నే ఎలాగో నెట్టుకొస్తాను. అత్తయ్యగారా? ఆవిడ మళ్లీ అరవకుండా నిన్న రాత్రి గట్టిగా బిగించేశాను."

మామగారు ఒక చెంప మీద సబ్బు నురగతోనే బయటికొచ్చి, తమ గది తలుపు గడియ వేసుకుని, నాలుగు వీధుల అవతల ఉన్న కొడుక్కి ఫోన్ చేశారు.

"ఒరేయ్, ఉన్నపళంగా రా. మీ బావ నన్ను కిరోసిన్‌లో నానబెట్టాడు."

"ఏంటి నాన్నా?"

"నెత్తిమీద సుత్తితో కొట్టాడట. నాకే తెలీలేదు. మీ అమ్మని కూడా బిగించాడు."

ఫోన్ పెట్టేసి ఆయన బ్యాగు సర్దడం మొదలుపెట్టారు. సభకి తయారై కూర్చున్న అత్తగారు అంతా విని, చలించకుండా, "ఆధారం లేకుండా ఎవరిమీదా నింద వెయ్యకూడదు," అంది. ముప్పై ఏళ్లు పిల్లల తగాదాలు తీర్చిన మనిషి ఆవిడ. ఆధారం కోసం ఎక్కువ వెతకనక్కర్లేకపోయింది. భోజనాల బల్ల మీదే నోటుపుస్తకం ఉంది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, క్లాసులో పాఠం చదివినంత గట్టిగా చదవసాగింది.

"మామగారు: పిలిస్తే టక్కుమంటారు, లేవరు. బాగా తుప్పు పట్టారు. అత్తయ్యగారు: పొద్దున్నే అరుపు. ఎండెక్కితే తగ్గుతుంది. వయసుకి సాగిపోయారు. పెద్ద వదినగారు: మూత తీసేటప్పుడు మొహం దూరంగా పెట్టుకోవాలి." ఆవిడ పేజీ తిప్పింది. "మా ఆవిడ: ఈవిడ లేనిదే ఏదీ కదలదు. తడిచేత్తో ముట్టుకోరాదు."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్యకి కోప్పడాలో, సంతోషించాలో తేలలేదు. ప్రస్తుతానికి కోప్పడదామని నిశ్చయించుకుని "ఏమండీ!" అని ఒక్క కేక పెట్టింది.

మోచేతుల దాకా నల్లటి గ్రీజుతో వచ్చిన గుమాస్తా, బల్ల మీద పుస్తకాన్నీ, ఒక చెంపే గీసిన మామగారినీ, జిప్పు పట్టని బ్యాగునీ చూశాడు. విషయం అర్థమైంది.

"అయ్యో మామయ్యగారూ! మీరు కాదండీ. మామగారంటే సెల్ఫు మోటారండీ. రండి, చూపిస్తాను."

అందర్నీ పోర్టికోలోకి తీసుకెళ్లి, బానెట్టు లోపల బిగించిన మోటారుని వేలుపెట్టి చూపించాడు. "ఇదిగోనండీ, ఈయనే మీరు."

మామగారు వంగి చూశారు. పొట్టిగా, లావుగా, తుప్పుతో ఎర్రగా ఉందది. కొట్టింది తనని కాదని తెలిసినా ఆయన మొహం తేటపడలేదు.

"బండిలో ఇన్ని సామాన్లుండగా నా పేరు పెట్టడానికి ఇదే దొరికిందా అల్లుడుగారూ?"

"గుణాన్ని బట్టి పెట్టానండీ," అనేసి గుమాస్తా నాలుక్కరుచుకున్నాడు.

"నా గుణమేంటి అల్లుడుగారూ?" అంది అత్తగారు చల్లగా. ఆవిడ చల్లగా అడిగితే పూర్వం పదో తరగతి పిల్లలే వణికేవారు. గుమాస్తా డ్రైవరు సీట్లో దూరి తాళం తిప్పాడు. బండి టక్కుమంది. మళ్లీ తిప్పాడు. టక్.

"ఆధారం సరిపోయింది," అన్నారు మామగారు, తన మీద తనకే కోపమొచ్చి. "నేను ఆటోలో పోతున్నాను."

టైము పది దాటింది. భార్య ఫోన్ తీసి, "మీరు ఇంకాస్త ముందే రాగలరా? చక్రాలు కూడా తీసుకుపోవచ్చు," అని పాత ఇనుము మనిషికి చెప్పింది. ఆ మాట గుమాస్తా గుండెలో గుచ్చుకుంది. మేస్త్రికి ఫోన్ చేసి, చేతులకి గ్రీజు కావడంతో స్పీకరు పెట్టాడు.

"మళ్లీ టక్కే మేస్త్రీ! అందర్నీ బిగించాను. అయినా రాదే!"

"బావమరిదిని బిగించారా సార్?"

"వాడా? వాడు కనబడట్లేదు. అంత చిన్నాడు లేకపోతే ఏమౌతుందిలే అనుకున్నాను."

"భలేవారే! ఎర్తు వైరుని బండికి పట్టి ఉంచేది వాడే కదండీ. వాడు లేకుండా బ్యాటరీ, అదే మీ ఆవిడ, మామగారికి కరెంటెలా ఇస్తుంది? ముందు వాణ్ని పట్టుకురండి," అని మేస్త్రి ఫోన్ పెట్టేశాడు.

గుమాస్తా నెత్తి కొట్టుకున్నాడు. జుట్టంతా గ్రీజైంది. "ఒక కవర్లో వేసి, పైన పేరు రాసి, ఫ్రిజ్ మీద పెట్టాను. ఏమైందో ఏమిటో!"

భార్య మొహం ఒక్కసారి మారింది. "బ్రౌను కవరా? పైన 'బావమరిది' అని రాసుందా?"

"అవును, అదే!"

"వాడికిమ్మనేమో అనుకున్నానండీ. పోయిన ఆదివారం తమ్ముడొస్తే వాడి చేతిలో పెట్టేశాను."

గుమాస్తా పోర్టికో మెట్టు మీద కూలబడ్డాడు. అయిదు నెలల కష్టం. ప్రతి నట్టుకీ చీటీ రాసి, ప్రతి చీటీకీ నంబరు వేశాడు. ఎంత జాగ్రత్త పడితే అంత అడ్డం తిరుగుతోందని అతనికి నిజంగానే దుఃఖం ముంచుకొచ్చింది.

సరిగ్గా అప్పుడే గేటు బద్దలయ్యేలా తోసుకుని బావమరిది బైకు లోపలికొచ్చింది. తెల్ల చొక్కా, నెత్తిన హెల్మెట్టు. దిగుతూనే అరుపు.

"బావా! నాన్ననేం చేశావ్?"

"నేను బాగానే ఉన్నాన్రా," అన్నారు మామగారు. "అది వేరే మామగారట."

బావమరిదికి ముక్క అర్థం కాలేదు. అయినా తెచ్చుకున్న కోపం వృథా కాకూడదు కదా. "సరే, అది తర్వాత తేల్చుకుందాం. ముందు నా సంగతి తేల్చు. వారం నుంచి నాకు నిద్రలేదు. కవరు మీద బావమరిది అని రాసి మరీ పంపావ్. విప్పితే ఒకే ఒక్క బోల్టు! అంటే నాకు ఒకటి లూజనేగా? మా ఆవిడనడిగితే, క్షణం కూడా ఆలోచించకుండా అదే అర్థమంది." జేబులోంచి తీసి బోల్టుని నేలకేసి కొట్టాడు. "నీ బోల్టు నువ్వే పెట్టుకో!"

బోల్టు మూడు గెంతులు గెంతి కారు చక్రం దగ్గర ఆగింది.

"వచ్చావా నాయనా!" అంటూ గుమాస్తా దాన్ని ఏరుకుని కళ్లకద్దుకున్నాడు. అది చాలక లేచి బావమరిదిని గట్టిగా వాటేసుకున్నాడు. తెల్ల చొక్కా వీపు మీద పది వేళ్లూ అచ్చుపడ్డాయి. తిట్లకి సిద్ధపడి వచ్చిన బావమరిది ఈ ప్రేమకి హడలిపోయి కదలకుండా నిలబడ్డాడు.

బోల్టు బిగించడానికి నాలుగు నిమిషాలు పట్టింది. గుమాస్తా తాళం తిప్పాడు. టక్కుమని, ఒక్క క్షణం ఆలోచించి, ఇంజను దగ్గి, పోర్టికో అంతా పొగ చిమ్మి, లేచింది. స్టీరింగు చేతుల్లో వణుకుతోంది. గుమాస్తా కళ్ల నీళ్లు పొగ వల్ల వచ్చినవి కావు.

"లేచారు! మామగారు లేచారు!" అని కేక పెట్టాడు.

మామగారికి తెలియకుండానే నడుము నిటారైంది. అంతలో బానెట్టు లోంచి వీధి చివరిదాకా వినిపించేంత కీచుమని అరుపు. అందరూ ఒకేసారి అత్తగారి వైపు తిరిగారు.

"నా వైపు చూస్తారేం? పదిన్నరైంది, బండెక్కండి," అంది ఆవిడ.

భార్య పాత ఇనుము మనిషికి ఫోన్ చేసి, "ఇవాళ్టికి వద్దులెండి," అంది. 'ఇవాళ్టికి' అన్న మాట ఒత్తి పలికింది. మామగారు రెండో చెంప అలాగే ఉంచుకుని, పంతం కొద్దీ బ్యాగు ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నారు. మచ్చల చొక్కాతో బావమరిది పక్కన ఇరుక్కున్నాడు. బండి మళ్లీ ఆగిపోతే నెట్టడానికి ఒకడుండాలని అక్క ఆజ్ఞ. అత్తగారు ముందు సీట్లో నోటుపుస్తకం తెరిచి, చేతిసంచిలోంచి ఎర్ర పెన్ను తీసింది. దారి పొడుగునా ఏదో రాస్తూనే ఉంది. పక్కనున్న గుమాస్తాకి పెన్ను గీరుడు వినిపిస్తూనే ఉంది గాని తల తిప్పి చూసే ధైర్యం లేకపోయింది.

పదకొండుకి రెండు నిమిషాలుండగా బడి గేటు ముందు కారు ఆగింది. కీచుమన్న చప్పుడుకి పాత పంతుళ్లు, విద్యార్థులు అందరూ బయటికొచ్చారు. అత్తగారు దర్జాగా దిగి, "మా అల్లుడుగారు తన చేతులతో బాగుచేసిన బండి," అని నలుగురికీ వినబడేలా చెప్పింది. అయిదు నెలలుగా అతను ఎదురుచూసిన మాట అదే. ఆవిడ పుస్తకం కిటికీలోంచి అతని ఒళ్లో పడేసి లోపలికి వెళ్లిపోయింది.

ఇంజను ఆపకుండానే అతను పుస్తకం తెరిచాడు. ప్రతి పేజీలోనూ ఒత్తులు, దీర్ఘాలు ఎర్ర సిరాతో దిద్ది ఉన్నాయి. చివరి పేజీలో ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక కొత్త పద్దు:

"అల్లుడుగారు: చప్పుడెక్కువ, కదలిక తక్కువ. ఈ రకానికి విడిభాగాలు దొరకవు. ఉన్నన్నాళ్లూ ఇలాగే నెట్టుకురావాలి."