తొందరపడ్డ కొంగ

ఆ శనివారం పొద్దున వెండెల్ టాకెట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యను పక్క పట్నంలోని జర్మన్ ఆస్పత్రికి తీసుకెళ్ళి చూపించాలి. అది ఆమెకు నచ్చకుండా చూడాలి. భోజనాల వేళకి ఇంటికి వచ్చేయాలి.

వెండెల్ అమెరికా వైమానిక దళంలో సార్జెంటు. సరుకుల విమానాల ఇంజన్లు బాగుచేస్తాడు. కెంటకీ కొండల్లో పుట్టినవాడు, రెండేళ్ళుగా జర్మనీలో ద్రాక్షతోటల నడుమ ఉన్న ఒక పల్లెలో, షోర్న్ మామ్మగారి ఇంట్లో మేడమీద అద్దెకుంటున్నాడు. భార్య కోరిన్‌కి నెలలు నిండుతున్నాయి. కాన్పు ఎక్కడ అన్న సంగతి మాత్రం ఎండాకాలం మొదలు నలుగుతూనే ఉంది. బేస్‌లో, అంటే సైనిక స్థావరంలో ఉన్న అమెరికన్ ఆస్పత్రిలో అని అతను, పట్నంలోని జర్మన్ ఆస్పత్రిలో అని ఆమె.

"బేస్‌లో అయితే డాక్టరు దగ్గర్నుంచి నేల తుడిచేవాడి దాకా మన భాషే మాట్లాడతారు. ఇక్కడ నీకేదన్నా అయితే ఏ భాషలో అరుస్తావ్?" అనేవాడు వెండెల్.

"అరవడానికి భాషెందుకు?" అనేది కోరిన్. "బేస్‌లో వెళ్ళిన ప్రతిసారీ ఓ కొత్త డాక్టరు. ఇప్పటిదాకా ఒక్కడికీ నా పేరు గుర్తులేదు. ఇక్కడి మంత్రసాని ఇంటికొచ్చి కాళ్ళు చూసి, వాపు తగ్గడానికి ఏం తినాలో చెప్పి వెళ్ళింది."

వెండెల్ పైకి చెప్పని భయం ఒకటుంది. అతన్ని త్వరలో ఎడారి దేశానికి పంపుతారని ఇద్దరికీ తెలుసు. ఆ ఉత్తర్వు ఏ క్షణానైనా రావచ్చు. తను లేనప్పుడు కోరిన్ ఒక్కతే, నోరు తిరగని భాష మాట్లాడే మనుషుల మధ్య నొప్పులు పడటం తలుచుకుంటే అతనికి నిద్ర పట్టేది కాదు.

దీనికితోడు కెంటకీ నుంచి అతని తల్లి లునెట్టా రోజూ ఫోను చేసేది. "ఒరే, జర్మన్ ఆస్పత్రిలో పుడితే పిల్ల జర్మనీదైపోతుందిరా! రేపు ఏ ప్రెసిడెంటుగానో నిలబడాలంటే ఎలా?"

"అలా ఏం కాదు. ముందు దాన్ని పుట్టనీవే అమ్మా."

ఆ పొద్దున కోరిన్ ముందే వెళ్ళి కారులో కూర్చుంది. వెండెల్ తాళాలు తీసుకుని మెట్లు దిగుతుంటే కింద వంటింటి కిటికీలోంచి షోర్న్ మామ్మగారు తల బయటపెట్టింది. ఆవిడకి ఎనభై దాటాయి. ఎడమ చెవి పనిచేయదు, కుడి చెవి దయతలచినప్పుడు పనిచేస్తుంది. వెండెల్ జర్మన్ భాషలో పదాలన్నీ ఉంటాయి కానీ, జరిగిందీ జరగబోయేదీ మాత్రం ఎప్పుడూ కలిసిపోతాయి.

"ఎక్కడికబ్బాయ్ ఇంత పొద్దున్నే?"

"ఆస్పత్రికి మామ్మా! బిడ్డ వచ్చింది, చూడ్డానికి!" అన్నాడు. బిడ్డ రాబోయే చోటు చూడ్డానికని అతని ఉద్దేశం.

మామ్మగారి చేతిలో ఉన్న ఉల్లిపాయ జారి కిందపడింది. "వచ్చేసిందా! ఆడా మగా?"

స్కానింగులో తెలిసిందే కదా అని, "ఆడపిల్ల!" అన్నాడు.

"బరువు?"

అదీ డాక్టరు చెప్పాడు. "మూడు కిలోలు!"

"మరి కోరిన్ ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది. కూర్చుంది!"

"అప్పుడే లేచి కూర్చుందా!" మామ్మగారు రెండు చేతులూ గుండెకి హత్తుకుంది. "సైనికుడి పెళ్ళాం మరి!"

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూసి, తన భాష ఇంత బాగుపడినందుకే కాబోలని వెండెల్ మురిసిపోతూ కారెక్కాడు.

ఆస్పత్రిలో రోస్‌విథా అనే మంత్రసాని అన్నీ తిప్పి చూపించింది. ఎత్తుగా, నిదానంగా ఉండే మనిషి. వేన్నీళ్ళ తొట్టి, పట్టుకుని వేలాడటానికి పైకప్పు నుంచి దిగిన ఎర్రటి గుడ్డ, ద్రాక్షతోటలకేసి తెరుచుకునే కిటికీ. వెండెల్ తప్పులు వెతకడానికే వచ్చాడు కనుక చేతులు కట్టుకుని అడిగాడు.

"నొప్పి తెలియకుండా మందు ఇవ్వరటగా?"

"అడిగితే ఇస్తాం. ముందు వేన్నీళ్ళు, తర్వాత కాస్త నడక, తర్వాత టీ."

"టీ తాగితే నొప్పి తగ్గుతుందా?"

"తగ్గదు. కానీ టీ పెట్టే పనిలో భర్తలు కాస్త నోరు మూసుకుంటారు."

కోరిన్ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు విన్నాక వెండెల్‌కి తన పథకం గంగలో కలిసిందని అర్థమైంది.

కానీ ఇంటిదారిలో అనుకోని మాట విన్నాడు. కోరిన్ చాలాసేపు తోటల్లో ద్రాక్ష కోసేవాళ్ళని చూస్తూ కూర్చుని, మెల్లగా అంది. "సరే, బేస్‌లోనే కానిద్దాం. నువ్వు ఎడారిలో కూర్చుని నాకోసం బెంగపడుతుంటే నాకిక్కడ ఎన్ని తొట్లున్నా సుఖముండదు."

గెలిచినవాడికి ఉండాల్సిన సంతోషం ఒక్క చుక్క కూడా కలగలేదు వెండెల్‌కి. ఏదో అనబోయేంతలో కారు వాళ్ళ సందులోకి తిరిగింది. ఇద్దరూ నోరు తెరిచారు.

బిడ్డల్ని కొంగ మోసుకొస్తుందని అక్కడి నానుడి. అందుకే ఆ ఊళ్ళో బిడ్డ పుడితే ఇంటి ముందు నిలువెత్తు చెక్క కొంగను నిలబెట్టి, తాడు కట్టి బుల్లి గౌన్లు, మేజోళ్ళు వేలాడదీస్తారు. ఇప్పుడు మామ్మగారి గుమ్మం పైన కొంగ నిలబడి ఉంది. దాని ముక్కుకి గులాబీరంగు మూట. వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా గౌన్లు. ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళంవాళ్ళు ఎర్రబండి వేసుకొచ్చేశారు. బాకా వాయించేవాళ్ళు ముగ్గురు పాట అందుకున్నారు. వాళ్ళ వెనుక, ఇంకా విచిత్రంగా, వెండెల్ పనిచేసే దళంలో సగంమంది మూతపెట్టిన గిన్నెలు పట్టుకుని నిలబడి ఉన్నారు. అందరికన్నా ముందు, ఆ దళానికి అధిపతి అయిన ఆవిడ, కల్నల్ ఓయ్లర్, ఓ చేతిలో వేయించిన కోడి, ఓ చేతిలో డైపర్ల కట్ట.

జరిగింది ఇదీ. మామ్మగారు ఉల్లిపాయ తీసుకోవడం కూడా మరిచి అగ్నిమాపక దళపతి ఎక్‌హార్ట్‌కి ఫోన్ చేసింది. అతను కొంగను తెచ్చాడు. పక్కవీధిలో ఉండే అమెరికన్ సైనికుడి భార్య డార్లా ఆ కొంగను చూసి వెండెల్ దళంలోని ఆడవాళ్ళందరికీ ఫోన్లో చాటింది. అది కెంటకీకి కూడా పాకింది. ఆస్పత్రిలో ఉన్నంతసేపూ మూగబోయి ఉన్న వెండెల్ ఫోను ఇప్పుడు తెరిస్తే తల్లి గొంతు బావురుమంది. "ఊరందరికీ చెప్పి కన్నతల్లికి చెప్పవా! అదీ జర్మన్ ఆస్పత్రిలో!"

జనమంతా కారు వెనక సీటులోకి తొంగిచూశారు. బిడ్డ లేదు. కోరిన్ తలుపు తీసుకుని, నిండుకడుపుతో నెమ్మదిగా కిందికి దిగింది.

బాకాలు ఆగిపోయాయి. ఎక్‌హార్ట్ ఆ కడుపు చూశాడు, కొంగను చూశాడు, మళ్ళీ కడుపు చూశాడు. అతని ముఖం ఒక్కసారి వెలిగింది.

"లోపల ఇంకోటి కూడా ఉందా!"

"కవలలు!" అని అరిచింది డార్లా. జనం చప్పట్లు కొట్టారు. బాకాలు మళ్ళీ మొదలయ్యాయి. మామ్మగారు ఇంకో జత గౌన్ల కోసం లోపలికి పరిగెత్తింది.

"కాదు, కాదు! ఒక్కటే! అదీ ఇంకా రాలేదు!" అని వెండెల్ అరిచిన అరుపు బాకాల్లో కలిసిపోయింది. ఆ కొంగను కిందికి దించితే తప్ప ఎవరూ నమ్మరనిపించింది అతనికి. గోడకి వేసి ఉన్న నిచ్చెన ఎక్కాడు. కొంగ మెడ పట్టుకుని లాగాడు. అది రాలేదు. అగ్నిమాపకదళం వాళ్ళు కట్టిన ముడి మరి.

అది చూసి కోరిన్‌కి నవ్వొచ్చింది. మొదట చిన్నగా, తర్వాత పొట్ట పట్టుకుని. కొంగ మెడకి వేలాడుతున్న మొగుణ్ణి, కోడి పట్టుకున్న కల్నల్‌ని చూసి ఆపుకోలేక నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"వెండెల్," అంది. "ఉమ్మనీరు పోయింది."

వెండెల్ నిచ్చెన మెట్లు దిగడం మరిచిపోయి నేరుగా భూమ్మీదికి దిగాడు. చీలమండ పటుక్కుమంది.

కల్నల్ ఓయ్లర్ కోడిని డార్లా చేతిలో పెట్టి ఫోనందుకుంది. "ప్రసూతి వార్డా? టాకెట్‌ని తీసుకొస్తున్నాం. గది సిద్ధం చేయండి!" కానీ అమెరికన్ల కార్లన్నీ సందులో ఒకదాని వెనుక ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. బేస్‌కి వెళ్ళే రోడ్డు నిండా ద్రాక్షబళ్ళు. సందు మొదట్లో, పట్నం వైపు ముఖం పెట్టి ఉన్నది ఒక్క ఎర్రబండే.

ఎక్‌హార్ట్ వెండెల్ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "బాబూ, మా ఆస్పత్రి ఇక్కడే. సైరను వేస్తే ఊరంతా దారిస్తుంది. నువ్వు ఊ అను చాలు."

వెండెల్ కోరిన్ ముఖంకేసి చూశాడు. కొంగ కింద గోడ పట్టుకుని, పళ్ళు బిగించి ఊపిరి పీలుస్తోంది. మామ్మగారు అప్పటికే ఆమె నడుం నిమురుతూ తన భాషలో ఏదో గొణుగుతోంది. ఆ గొణుగుడుకి కోరిన్ తల ఊపుతోంది.

"తీసుకెళ్ళండి," అన్నాడు వెండెల్. "మీ ఆస్పత్రికే. నన్నూ ఎక్కించండి!"

లేవబోయాడు, కళ్ళు బైర్లు కమ్మి కూలబడ్డాడు. పాదం ఉండాల్సిన వైపు లేదు.

"నువ్వు ఎక్కేలోపు పిల్ల బడికెళ్తుంది!" అని బండిలోంచి మామ్మగారు కేకేసింది. "నేనున్నాగా!" అంటూ తలుపు వేసేసింది. సైరను మోగింది.

"సైనికుడి కాలు ప్రభుత్వం ఆస్తి, టాకెట్," అంది కల్నల్. కార్లు ఒక్కొక్కటీ వెనక్కి జరిగాక అతన్ని తన కారులో పడుకోబెట్టి బేస్‌కి తీసుకెళ్ళింది.

బేస్ ఆస్పత్రి గుమ్మంలో నర్సు ఒకతె చక్రాల కుర్చీ పట్టుకుని ఎదురుచూస్తోంది. "టాకెట్?"

"అవును," అని మూలిగాడు వెండెల్.

"నొప్పులు ఎంతసేపటికోసారి వస్తున్నాయి?"

"ఆగితేగా!"

కల్నల్ కారు నిలిపి వచ్చేలోగా నర్సు కాగితంలో పేరు చూసుకుని, అతని ముఖం మాత్రం చూడకుండా తోసుకుపోయింది. కాసేపటికి వెండెల్ ప్రసూతి వార్డులో, తలుపుకి తన ఇంటిపేరు అంటించిన గదిలో, గులాబీరంగు బుడగల కింద పడుకుని ఉన్నాడు. ఎముకల డాక్టరు అక్కడికే వచ్చి కట్టు వేశాడు. అందరూ ఇంగ్లీషే మాట్లాడారు. ఎంతో ప్రేమగా చూశారు. వెండెల్‌కి మాత్రం ఏడుపొచ్చింది.

"మేడమ్, అక్కడ నా భార్య ఒక్కతే ఉంది."

కల్నల్ ఓయ్లర్ జేబులోంచి కారు తాళాలు తీసింది. "నేను మొదటివాణ్ణి కన్నప్పుడు మా ఆయన సముద్రం మధ్యలో ఓడమీద ఉన్నాడు. పద. ఇంకో మాట. నీ పేరు ఈ నెలాఖరున వెళ్ళే విమానంలో ఉంది. ఆ కాలితో నిన్నెక్కడికీ పంపలేను. మంచు కరిగేదాకా ఇంట్లో ఉండి పిల్లకి గుడ్డలు మార్చు."

వెండెల్ తన కాలి కట్టుకేసి దేవుణ్ణి చూసినట్టు చూశాడు.

జర్మన్ ఆస్పత్రిలో కుంటివాణ్ణి చూడగానే మళ్ళీ ఎముకల విభాగం వైపు తోయబోయారు. "ప్రసవం! ఇతనిది ప్రసవం!" అని కల్నల్ తనకొచ్చిన నాలుగు జర్మన్ ముక్కలతో వరండా దద్దరిల్లేలా అరిచింది. రోస్‌విథా తలుపు తీసి, ఏ ఆశ్చర్యమూ లేకుండా అతని కుర్చీని లాక్కెళ్ళి కోరిన్ తల దగ్గర నిలబెట్టింది. "సరిగ్గా సమయానికొచ్చారు. టీ అయిపోయింది."

తోటల మీద పొద్దు వాలుతుండగా పిల్ల పుట్టింది. ఆడపిల్ల. మూడు కిలోలు. కెవ్వుమని అరిచిన ఆ అరుపుకి భాషేమీ లేదు.

కోరిన్ ఒక చేయి వెండెల్ చేతిలో ఉంది. రెండో చేయి మామ్మగారి చేతిలో, ఎర్రబండి ఎక్కినప్పటి నుంచీ అక్కడే. "ఆవిడేం చెప్పిందో ఒక్క ముక్క అర్థం కాలేదు," అంది కోరిన్, చెమటలో తడిసి, ఏడుస్తూ నవ్వుతూ. "నేనేమన్నానో ఆవిడకీ వినబడలేదు. కానీ వెండెల్, ఒక్క క్షణం కూడా నన్ను వదల్లేదు."

వెండెల్ మామ్మగారి ముడతల చేతిని కళ్ళకద్దుకున్నాడు. థాంక్స్ అనడానికి జర్మన్‌లో ఉన్నది ఒకటే మాట. అది చాలలేదు. అదే పదిసార్లు అన్నాడు. మామ్మగారికి ఒక్కటీ వినబడలేదు కానీ అతని తల నిమిరింది.

కల్నల్ ఫోను పిల్ల ముఖం దగ్గర పెట్టింది. కెంటకీలో లునెట్టా చాలాసేపు చూసి, ముక్కు చీదుకుని, "పోనీలే, ప్రెసిడెంటు పని కూడా ఏమంత సుఖం కాదు," అంది.

ఊళ్ళో మాత్రం మామ్మగారు తన పొరపాటు ఒప్పుకోలేదు. "బిడ్డ ఆ రోజే వచ్చిందా లేదా? ఆడపిల్లేనా కాదా? మూడు కిలోలు ఉందా లేదా? అబ్బాయి జర్మన్‌లో ఒక్క తప్పుందా?" అని చర్చి ముందు అందరినీ నిలదీసింది. ఆ వారమంతా మేడమెట్ల మీద సూప్ గిన్నెలు, వేయించిన కోళ్ళు, ఉల్లిపాయ రొట్టెలు వరసకట్టాయి. రోస్‌విథా రోజూ ఇంటికి వచ్చి ముందు తల్లినీ, తర్వాత పిల్లనీ, చివరికి వెండెల్ కాలినీ చూసి వెళ్ళేది. పిల్లని ఒళ్ళో వేసుకుని, వీధిలో ఇంకా వేలాడుతున్న గౌన్లు చూస్తూ, ఇంతమంది తనవాళ్ళున్నారని రెండేళ్ళుగా తెలియనే లేదే అనుకునేవాడు వెండెల్.

అలా కూర్చుని ఉండగానే ఒకరోజు బేస్ ఆస్పత్రి ప్రసూతి వార్డు నుంచి ఫోనొచ్చింది. అక్కడ పడుకుని వెళ్ళినవాళ్ళందరి బాగోగులూ కనుక్కోవడం వాళ్ళ ఆనవాయితీ.

"టాకెట్ గారూ, ప్రసవం తర్వాత మీ ఆరోగ్యం ఎలా ఉంది?"

"కాస్త కుంటుతున్నానండీ," అన్నాడు వెండెల్. "పాలు మాత్రం వాళ్ళమ్మే ఇస్తోంది."