మాంసం వద్దంటే పూర్వీకుల అనుమతి కావాలి

మానవజాతి చేసిన తప్పులన్నిటిలోకీ పెద్దది వ్యవసాయమని జిల్లా విద్యా కార్యాలయం మార్చి నెలలో ఒక మంగళవారం నిర్ణయించింది. వేల ఏళ్లుగా జరుగుతూ వస్తున్న ఈ పొరపాటును సరిదిద్దుకోవడానికి పాఠశాలలకు వేసవి సెలవుల దాకా గడువిచ్చారు. (గడువు చాలనివారు ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి.)

లియావ్‌బే ఊళ్లో ఈ నిర్ణయాన్ని అందరూ మర్యాదగానే విన్నారు. తైవాన్ పడమటి తీరంలో, సముద్రపు గాలికి పళ్ల మధ్య ఇసుక కరకరలాడే ఆ ఊరివాళ్లకు వేరుశెనగ, వెల్లుల్లి, చిలగడదుంప పండించడం తప్ప వేరే పని తెలియదు. తాతల కాలం నుంచీ చేస్తున్నది తప్పేనని తెలిశాక పశ్చాత్తాపపడదామనే అనుకున్నారు కానీ, ఆ రోజు మడులకు నీళ్లు పెట్టాల్సి ఉండి తీరిక దొరకలేదు.

పథకం పేరు ‘పూర్వీకుల పళ్లెం’. పట్నాల్లో పేలియో డైట్ అంటారే, అదే. రాతియుగం మనిషి వేటాడినది, కోసుకున్నది, తవ్వుకున్నది తినవచ్చు. అన్నం, నూడుల్స్, సోయా, పాలు, పంచదార తినకూడదు. వేరుశెనగ కూడా కూడదు. వేరుశెనగను మేమూ తవ్వుకునే తింటున్నాం కదా అని రైతుల సంఘం ఒక సందేహం పంపింది. పప్పుజాతిని ఎంత లోతుకు తవ్వినా తవ్వినట్టు లెక్కకు రాదని పై నుంచి జవాబు వచ్చింది.

మొదటి ప్రయోగానికి ఊరి ఉన్నత పాఠశాలలోని ఆడపిల్లల తాడులాగుడు జట్టును ఎంపిక చేశారు. రాతియుగం మనిషి కూడా ఏదో ఒకటి లాగుతూనే బతికాడని అందుకు కారణం చెప్పారు.

ఆ జట్టులో చివరి పిల్ల పేరు గాన్ పెయ్‌రు. తాడు కొసను వీపు మీదుగా తిప్పి, చంక కింద నుంచి పట్టుకుని, మడమలు నేలకు తన్ని నిలబడేది ఆమే. క్లాసులో హాజరు పలకడానికి కూడా రెండుసార్లు ఊపిరి పీల్చుకునే పిల్ల ఆమె. అలాంటి పిల్లకు ప్రపంచంలో సరిపోయిన చోటు ఆ ఒక్కటే. అక్కడ నిలబడితే ఏడుగురి వీపులు కనిపిస్తాయి. తన ముఖం ఎవరికీ కనిపించదు. అయినా తను కదిలితే జట్టంతా కదులుతుంది, తను కదలకపోతే ఎదుటి జట్టు కూడా కదల్లేదు.

పెయ్‌రుకు మాంసం పడదు. ఆమెకు భక్తీ లేదు, రోగమూ లేదు. పందుల మీద ప్రత్యేకమైన ప్రేమ కూడా ఏమీ లేదు. మాంసం ముక్క నోట్లో పెట్టుకుంటే ఎంత నమిలినా అది ముక్కగానే ఉండిపోతుంది, అంతే. ఇంతకాలం అన్నం, సోయా పనీర్ ముక్కలు, ఉడికించిన వేరుశెనగలతో ఆమె బండి నడిచింది. ఇప్పుడా మూడూ మానవజాతి తప్పుల కిందికి వచ్చేశాయి.

పథకం అమలుకు జిల్లా నుంచి వెయ్ షులాన్ అనే అధికారిణి వచ్చారు. ఆవిడ హోదా ‘ఆహార పూర్వస్థితి పునరుద్ధరణ, నమలుడు పర్యవేక్షణాధికారి’. ఆవిడ తెచ్చిన ‘గుహ’ అనే యాప్‌లో ప్రతి పిల్లా మధ్యాహ్నం తన పళ్లెం ఫొటో పెట్టాలి. తిన్నాక ఎముకల ఫొటో పెట్టాలి. ఎముకలు లేని పళ్లేన్ని యాప్ ‘వేట విఫలం’ అని ఎర్రగా చూపిస్తుంది. (ఒకసారి ప్రధానోపాధ్యాయుడు పొరపాటున తన ముఖం ఫొటో పెడితే యాప్ దాన్ని ‘చిలగడదుంప, అనుమతించబడినది’ అని గుర్తించింది. ఆయన దాన్ని మెప్పుగానే తీసుకున్నారు.)

పక్క బల్ల మీద కూర్చునే యూజెన్, జట్టులో పెయ్‌రుకు సరిగ్గా ముందు నిలబడే పిల్ల. ఆమె తాతముత్తాతలు కసాయి పని చేసినవాళ్లు. మొదటి ఫొటో అవగానే పెయ్‌రు మాంసం ఆమె పళ్లెంలోకి పోయేది. రెండో ఫొటోకు ఎముకలు తిరిగొచ్చేవి.

“ఒసే, నీ వేట కూడా నేనే వేటాడాలా?” అని యూజెన్ మూతి తుడుచుకుంటూ నవ్వేది.

“మెల్లిగా. వినిపిస్తుంది.”

“వినిపిస్తే ఏం? నీకు పుణ్యం, నాకు పంది. రేపు కోడి అట. చర్మం తీసెయ్యకుండా పంపు.”

ఈ ఏర్పాటు నెల రోజులు హాయిగా సాగేది కూడా, తాడులాగుడులో బరువు లెక్క లేకపోతే. ఎనిమిది మంది పిల్లల బరువు కలిపి ఒక హద్దు దాటకూడదు. పోటీకి రెండు వారాల ముందు కోచ్ తూ సార్ అందరినీ త్రాసు ఎక్కించారు. పెయ్‌రు రెండు కిలోలు తగ్గింది. యూజెన్ అయిదు పెరిగింది. తూ సార్ త్రాసును ఒకసారి కాలితో తన్ని చూశారు. అంకె మారలేదు.

“ఏమ్మా, ఇద్దరూ ఒకే తిండి తింటున్నారా?” అన్నారాయన.

“ఒకే తిండే సార్,” అంది యూజెన్ నిజాయితీగా. “రెండూ నేనే తింటున్నా.”

ఆ మధ్యాహ్నమే వెయ్ మేడమ్ విచారణ జరిపారు. గుర్తింపు పొందిన కారణాలు రెండే అని ఆవిడ ఓపికగా వివరించారు. ఒకటి మతం, రెండోది వైద్యుడి చీటీ.

“నీకు ఏదైనా వ్రతం ఉందా?”

పెయ్‌రు లేదన్నట్టు తలూపింది.

“మాంసం తింటే దద్దుర్లు వస్తాయా? ఆయాసం?”

మళ్లీ తలూపింది.

“మరి ఎందుకు తినవు?”

“న... నచ్చదు మేడమ్.”

“నచ్చకపోవడం కారణం కాదమ్మా. అది అభిప్రాయం.” ఆవిడ గొంతులో కోపం లేదు, జాలే ఉంది. “రాతియుగంలో అభిప్రాయాలు లేవు. అందుకే వాళ్లకు షుగర్ రాలేదు.”

తూ సార్ అడ్డుపడ్డారు. “మేడమ్, ఈ పిల్ల లేకపోతే నా తాడుకు తోక లేనట్టే. గుడి దగ్గర శాకాహార హోటల్లో గోధుమ పిండితో చేసిన బాతు అమ్ముతారు. అచ్చం బాతులానే ఉంటుంది. ఫొటోలో ఎవడికీ తెలీదు.”

“గోధుమా?” అన్నారు వెయ్ మేడమ్, ఎవరో చనిపోయారని విన్నట్టు. “పథకంలో లేనివాళ్లు జట్టులో ఉంటే ఫలితాలు కలుషితం అవుతాయి. తింటేనే తాడు. లేదంటే ఆ పిల్ల పూర్వీకులే దిగివచ్చి అనుమతి ఇవ్వాలి. అప్పుడు నాకేమీ అభ్యంతరం ఉండదు.”

ఆవిడ ఆ మాట మాటవరసకే అన్నారు. కానీ ఆ సాయంత్రం పెయ్‌రు ఏడుస్తూ చెప్పిన కథంతా విన్న నాన్నమ్మకు మాటవరస అంటే తెలియదు. పూర్వీకులంటే మాత్రం బాగా తెలుసు. రోజూ పొద్దున్నే వాళ్లకు టీ పోసేది ఆవిడే.

“దిగి రావడం దేనికే? ఎప్పుడూ ఇక్కడే ఉంటారుగా,” అంది నాన్నమ్మ వెల్లుల్లి పొట్టు దులుపుకుంటూ. “ఆ మేడమ్‌నే రమ్మను. అడిగేద్దాం.”

మర్నాడు తూ సార్ తన మోటారుసైకిల్ మీద వెయ్ మేడమ్‌ను తీసుకొచ్చారు. రానని చెప్పే వీలు ఆవిడకు లేకపోయింది. లియావ్‌బేలో జిల్లా అధికారికి ఎదురు చెప్పినవాళ్లు ఉన్నారు గానీ, ఒకరి ఇంటి పూర్వీకులు కబురు పెడితే రానన్నవాళ్లు లేరు. (వెయ్ మేడమ్ అమ్మమ్మగారిది కూడా పక్క ఊరే.)

ముందుగదిలో పూర్వీకుల పేర్లు చెక్కిన పలక ముందు నాన్నమ్మ అగరుబత్తీలు వెలిగించింది. నెలవంకల్లాంటి రెండు ఎర్ర చెక్కలను అరచేతుల్లో పట్టుకుంది. ఒకవైపు బల్లపరుపు, మరోవైపు బోర్లించిన దొప్పలా గుండ్రం. విసిరితే ఒకటి పరుపుగా, ఒకటి గుండ్రంగా పడితే సరే అని అర్థం. రెండూ గుండ్రంగా పడితే వద్దని. మూడుసార్లు వరసగా సరే రావాలి.

“ప్రశ్న నేను చెప్తాను,” అన్నారు వెయ్ మేడమ్. “ఎటూ మొగ్గకుండా ఉండాలి. మాంసరహిత పూర్వీకుల పళ్లెం విధానానికి సంబంధిత పూర్వీకులు సమ్మతిస్తున్నారా, లేదా?”

నాన్నమ్మ ఆ ప్రశ్నను అతికష్టం మీద అప్పజెప్పి చెక్కలు విసిరింది. రెండూ పరుపు వైపు పైకి పడ్డాయి.

“ఇదేమిటి?”

“నవ్వుతున్నారు.”

“దేనికి?”

“వాళ్లకు ఏదో నవ్వొచ్చింది మేడమ్. నన్నడిగితే ఎలా?”

మళ్లీ విసిరారు. మళ్లీ నవ్వే. వెయ్ మేడమ్ ఇబ్బందిగా కదిలారు. నవ్వును సమ్మతి కింద రాయాలా, నిరాకరణ కింద రాయాలా అన్నది పై నుంచి వచ్చిన సూచనల్లో లేదు.

“మీ భాష వాళ్లకు ఎక్కట్లేదు,” అంది నాన్నమ్మ. “ఉండండి, నేను అడుగుతా.” పలక వైపు తిరిగి గొంతు పెంచింది, ఎందుకంటే ఆవిడ మామగారికి బతికుండగానే చెవుడు. “మామగారూ! నేను, మీ చిన్నకోడల్ని! ఇది మీ మునిమనవరాలు. మాంసం తినకపోతే తాడు ముట్టుకోనివ్వం అంటున్నారు. మీ పూర్వీకులు రోజూ మాంసం తినేవాళ్లట, ఈ మేడమ్ చదువుకుని చెప్తున్నారు. మీరు మాంసం ఎప్పుడు తిన్నారో నేను కళ్లారా చూశాను. కొత్త సంవత్సరానికి ఒక్క ముక్క, అదీ ముందు దేవుడికి పెట్టి, తర్వాత ఇంటికొచ్చిన వాళ్లందరికీ పెట్టి, ఇంకా మిగిలితే. మిగతా ఏడాదంతా ఎండబెట్టిన చిలగడదుంప తురుమే కదా! అదే తిని, ఎద్దు చచ్చిపోయిన ఏడు మీరే కాడి లాగారు. ఈ పిల్ల దుంపలు తిని తాడు లాగితే మీకు సరేనా?”

సరే అని పడింది.

రెండోసారి కూడా సరే.

పెయ్‌రు గోడకు ఆనుకుని నిలబడింది. అరచేతుల్లో తాడు ఒరిపిడికి కట్టిన కాయల్ని గోళ్లతో నొక్కుకుంటోంది. నాన్నమ్మ మూడోసారి విసిరింది. ఒక చెక్క గుండ్రంగా పడింది. రెండోది దొర్లుకుంటూ పోయి వెయ్ మేడమ్ మేజోడుకు ఆనుకుని, పరుపూ కాకుండా గుండ్రమూ కాకుండా, పక్కకు ఒరిగి నిలబడిపోయింది.

“కాలు కదపకండి మేడమ్!” అన్నారు తూ సార్.

వెయ్ మేడమ్ కదపలేదు. అందరూ ఆ చెక్కనే చూస్తున్నారు. అధికారిణి కాలు ఇటు జరిగితే తాడు ఉంటుంది, అటు జరిగితే ఉండదు. ప్రభుత్వ నిర్ణయం ఇంత స్పష్టంగా ఒక అధికారి కాలి వేలి మీద ఆధారపడటం ఆ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు.

“ఆయన మీ కాలు పట్టుకుని మరీ అడుగుతున్నారమ్మా,” అంది నాన్నమ్మ మెల్లగా.

వెయ్ మేడమ్ బొటనవేలు కొద్దిగా వంగింది. (తిమ్మిరి పట్టి వంగిందని ఆవిడ తర్వాత వివరణ ఇచ్చుకున్నారు.) చెక్క పరుపు వైపు పైకి వచ్చేలా పడింది.

“నమోదు చేసుకుంటాను,” అన్నారావిడ.

వార్త ఊరంతా పాకింది. వారం తిరక్కుండా ఏడు ఇళ్ల పూర్వీకులు తమ మునిమనవరాళ్ల తిండి మీద అభిప్రాయం తెలియజేశారు. అందరూ చిలగడదుంపే తిన్నామన్నారు. ఒక్క యూజెన్ వాళ్ల ముత్తాత మాత్రం ఏ ప్రశ్న అడిగినా మాంసానికే సరే అన్నాడు. బరువు హద్దు గురించి అడిగితే వద్దన్నాడు. చివరికి తూ సార్ ఆయన్ను పక్కనపెట్టి యూజెన్‌ను రోజూ సముద్రపు గట్టు మీద పరిగెత్తించారు. ‘గుహ’ యాప్‌లో చిలగడదుంపకు కూడా వేట పాయింట్లు కలిపారు.

దుంపలు తిన్నంత మాత్రాన అన్నం మీద ఆశ పోదు. పోటీ రోజు పొద్దున కూడా నియమం నియమమే కాబట్టి పెయ్‌రు రెండు ఉడికించిన దుంపలు, ఒక గుడ్డు తిని జిల్లా కేంద్రంలోని క్రీడాశాలకు వెళ్లింది. ఫైనల్లో ఎదుటి జట్టు పిల్లలు అన్నం డబ్బాలు ఖాళీ చేసి, మూతులు తుడుచుకుంటూ వచ్చారు. ఆ వాసనకు పెయ్‌రు కడుపు గుర్రుమంది.

తాడు బిగుసుకుంది. చాలాసేపు ఎవరూ కదల్లేదు. ఏడుగురి వీపులు వణుకుతున్నాయి. యూజెన్ పళ్ల సందుల్లోంచి ఎదుటి జట్టును ఏవో తిడుతోంది. పెయ్‌రు కళ్లు మూసుకుని మడమలు దించింది. తాడు ఒక వేలెడు ఇటు వచ్చింది, తర్వాత జానెడు వచ్చింది, ఆ తర్వాత ఎదుటి పిల్లలు ఎనిమిది మందీ ఒకళ్ల మీద ఒకళ్లు పడుతూ వచ్చేశారు. తూ సార్ టోపీ గాల్లోకి విసిరి, అది తిరిగి దొరక్క అక్కడే కూర్చుని ఏడ్చేశారు.

మైకు పట్టుకుని వెయ్ మేడమ్ నేరుగా చివరి పిల్ల దగ్గరికే వచ్చారు. వెనకాలే జిల్లా పెద్దలు.

“చెప్పు పెయ్‌రూ. ఇంత బలం ఎక్కడిది?”

పెయ్‌రు రెండుసార్లు ఊపిరి పీల్చుకుంది. జీవితంలో మొదటిసారి అంతమంది ముందు నోరు తెరిచి, ఉన్నదున్నట్టు చెప్పింది.

“ఆకలేసింది మేడమ్. తొందరగా లాగేస్తే ఇంటికెళ్లి అన్నం తినొచ్చని లాగాను.”

వెయ్ మేడమ్ ఆ మాటను అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నారు. పెయ్‌రు చెప్పినదాన్ని అభిప్రాయం కింద కాకుండా కారణం కింద ఒక అధికారి రాసుకోవడం అదే మొదలు.

వచ్చే ఏడాది నుంచి జిల్లాలోని క్రీడా జట్లన్నిటికీ మధ్యాహ్న భోజనం రద్దు చేశారు. ఆ పథకానికి, ఆమె మీద గౌరవంతో, పెయ్‌రు పేరే పెట్టారు.